పేతురు పండుగ దాకా

కోసార పెరట్లో ఉన్నది అసలు తోట యాపిల్ చెట్టేనా అన్న అనుమానం మొదట బయటపెట్టింది పక్కింటి పెర్సా. ఆరేసిన దుప్పటి గాలికెగిరి ఆ చెట్టు మీద పడితే తీసుకుందామని కొమ్మల్లో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా గీరుకుపోయింది.

"ఇదేం చెట్టమ్మా, పిల్లిలా రక్కుతోంది?" అంది చెయ్యి చూసుకుంటూ. "యాపిలన్నావు. మా పుట్టింట్లో పాతిక చెట్లుండేవి. ఒక్కదానికీ గోళ్ళు లేవు."

"లేతది కదా. ముదిరితే పోతాయి."

"మా ఆయన్ని చూపించి మావాళ్ళూ అదేమాట అన్నారు. ముదిరాక ఇంకా పెరిగాయి."

కోసారకు నవ్వు రాలేదు. ఆ ముళ్ళను ఆమె రెండేళ్ళ కిందటే చూసింది. చూసి, చూడనట్టు పక్కకు తిరిగింది. ఆకులు చిన్నవిగా, గరుకుగా ఉన్నాయని కూడా ఆమెకు తెలుసు. ఒక్కోసారి మనిషికి ఒక సంగతి తెలిసిపోతుంది. అయినా తెలియనట్టే దానికి నీళ్ళు పోస్తూ ఉంటుంది.

చెట్టు నాటి అది నాలుగో వేసవి. అంతకుముందు కోసార ఉండేది పోద్రేబ్రో అనే కొండ ఊళ్ళో. పశ్చిమ సెర్బియాలో ఆ ఏడు మే నెలలో వానలు పట్టుకుని వదలకపోయేసరికి కొండ జారింది. మనుషులు బతికారు. సగం ఇళ్ళు బతకలేదు. కొండ కింద చదునునేల మీద ఒకే అచ్చులో పోసినట్టున్న పన్నెండు ఇళ్ళు కట్టి ఇచ్చారు. వాటిలో ఏడోది కోసారది. వెనక ఒక గది వైశాల్యంలో పెరడు. మొగుడు మిలోయె అంతకు అయిదేళ్ళ ముందే పోయాడు. ఇద్దరికీ పుట్టిన బిడ్డ ఒక్కతే, నెవెన. అయిదేళ్ళ వయసులో పోయింది. తరవాత మరి పిల్లలు కలగలేదు.

ఆ కొండ ఊళ్ళలో బిడ్డ పోయిన తల్లి పేతురు పండుగ దాకా కొత్త యాపిల్ పండు నోట పెట్టదు. జూలై పన్నెండున ఆ పండుగ. ఆ రోజున పైలోకంలో పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి పళ్ళు పంచుతారట. ఇక్కడ ఆగలేక ముందే తినేసిన తల్లి ఉంటే, ఆమె బిడ్డ వంతు వచ్చేసరికి "నీ పండు మీ అమ్మ తినేసింది" అని ఉత్తచేతులతో పంపేస్తారట. అందుకని తల్లి ఆగుతుంది. పండుగనాడు మొదటి పండు సమాధి మీద పెడుతుంది, తరవాతవి వీధిలో పిల్లలకు పంచుతుంది, ఆఖరున తనొకటి తింటుంది. సరిగ్గా ఆ వేళకే పండే పాతకాలపు రకం ఒకటుంది. చిన్నకాయ, పలచని పసుపు తోలు, ఎండ తగిలిన వైపు మాత్రం బుగ్గమీద గీతల్లా ఎరుపు. వారం మించి నిలవుండదు. దాన్ని అందరూ పేతురుపండనే అంటారు.

కోసార అత్తగారికి కూడా ఒక పసిగుడ్డు పోయింది. అందుచేత ఆ ఇంట్లో పండుగకు ముందు ఆ చెట్టు పండు ఎవరూ ముట్టకూడదు. పిల్లలైనా సరే. నెవెనకు అయిదేళ్ళు నిండిన ఏడు, జూలై మొదటివారంలో, దిగువ కొమ్మకు ఒకే ఒక్క పండు ముందుగా ఎర్రబడింది. నెవెన పొద్దున లేస్తూనే దాని కింద నిలబడేది.

"ఇవాళా?" అని అడిగేది.

"ఇవాళ కాదమ్మా. పేతురు పండుగ దాకా ఆగు. ఆ పండు నీదే, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను," అనేది కోసార.

పండుగ మూడు రోజులుందనగా మిలోయె తమ్ముడు విటోమీర్ ఎండుగడ్డి వేసుకొచ్చి ట్రాక్టరు వెనక్కి తీస్తున్నాడు. అప్పుడే ఆ పండు రాలింది. రాలిన పండు తినొచ్చు కదా అనుకుందో, ఎవరైనా తొక్కేస్తారనుకుందో, పిల్ల పరుగెత్తింది. విటోమీర్ చూడలేదు. అతను చూడలేదని కోసారకు తెలుసు. తెలిసినా, ఆ రోజు తరవాత ముప్ఫై అయిదేళ్ళు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడి శవం దగ్గర కూడా మాట్లాడలేదు.

ఆ చెట్టు ఉన్నన్నాళ్ళు ప్రతి పేతురు పండుగకూ ఆ దిగువ కొమ్మ పండే నెవెన సమాధి మీదికి వెళ్ళింది. ఏ పండు ఇస్తానందో ఆ పండు. సంతలో కొన్నది పనికిరాదా అని ఎవరైనా అడిగితే కోసార మాట మార్చేది. పిల్లకు తేడా తెలుస్తుందని ఎలా చెబుతుంది?

కొండ జారినప్పుడు పెరడు మొత్తం నలభై అడుగులు కిందికి దిగింది. విచిత్రం, చెట్టు పడిపోలేదు. తాగినవాడు గోడ పట్టుకున్నట్టు ఒక పక్కకు వాలి నిలబడిపోయింది, కాయలతో సహా. ఆ జూలైలో అడ్డుగా కట్టిన తాళ్ళ కిందనుంచి దూరి, కోసార దాని పళ్ళు కోసుకొచ్చింది. పళ్ళతో పాటు పచ్చి రెమ్మలు కూడా తెచ్చింది. రెమ్మ మొదలు బంగాళదుంపలో గుచ్చి పాతితే చెమ్మ ఆరదు, వేరు పడుతుందని ఎవరో చెప్పారు. పదకొండు రెమ్మలు, పదకొండు బంగాళదుంపలు. నెలలోపల రెమ్మలన్నీ నల్లబడ్డాయి. ఒకచోట మాత్రం పచ్చగా మొలకొచ్చింది. అది బంగాళదుంప మొక్క.

సెప్టెంబరు వానలకు మిగిలిన చరియ కూడా జారింది. కోసార వెళ్ళి చూస్తే చెట్టు లేదు. వాగు మీద బురద ఆరుతోంది.

ఆ శరదృతువులో ఆమె పట్నంలో మొక్కల సంతకు వెళ్ళింది. వందల మొక్కలు గడ్డిలో చుట్టి పడుకోబెట్టి ఉన్నాయి. అమ్మేవాడు పిడికిలంత కాయల బొమ్మలు చూపించాడు. ఇది మార్చి దాకా నిలవుంటుంది, ఇది పొట్టిచెట్టు నిచ్చెన అక్కర్లేదు, ఇది రెండో ఏడే కాపు. కోసార అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"పేతురుపండుందా?"

"ముసలి రకం అవ్వా. ఎవరడుగుతారు?" అంటూ మూలనుంచి ఒక పుల్ల లాగాడు. "ఇదిగో, ఒక్కటి మిగిలింది."

"నిజంగా పేతురుపండేనా?"

"పేతురు కాకపోతే పౌలు అనుకో. ఇద్దరికీ పండుగ ఒక్కరోజే కదా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కోసార ఆ పుల్లను రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కింది. నడుం లోతు గుంట తీసి, జారిన పెరట్లోనుంచి బకెట్టుతో మోసుకొచ్చిన మట్టి అడుగున పోసింది. వేళ్ళు విడదీసి పరిచింది. అంటుకట్టిన బుడిపె నేలకు పైన ఉండాలని ఆమెకు తెలుసు, పెళ్ళైన కొత్తలో విటోమీర్ ఊరందరికీ అంటుకడుతుంటే చూసింది. మట్టి తొక్కి, నీళ్ళు పోసి, కర్ర పాతి కట్టింది. ఏ పొరపాటూ చెయ్యలేదు.

పొరపాటు వసంతంలో జరిగింది. బుడిపెకు పైనున్న పుల్ల ఎండిపోయింది. బుడిపె కిందనుంచి మాత్రం పచ్చని మొలకలు మూడు లేచాయి. "బతికింది," అనుకుని కోసార ఆ మొలకల ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. బుడిపె కింద లేచేది అడివి వేరు మొలక, దాన్ని గిల్లెయ్యాలని కొండ మీద ఏ పిల్లాడినడిగినా చెప్పేవాడు. ఆమెకూ తెలుసు. గిల్లడానికి చెయ్యి రాలేదు. అన్నీ పోయాక పచ్చగా లేచిందాన్ని ఎలా గిల్లుతుంది? మూడింటిలో బలమైనదాన్ని నిలువుగా కట్టి పెంచింది.

నాలుగో వసంతంలో అది నాలుగు పూలు పూసింది. పేతురు పండుగనాటికి మూడు గోలీకాయలు. ఆకుపచ్చగా, రాయిలా ఉన్నాయి. కోసార ఒకదాన్ని కోసి, కొండెక్కి, సమాధి దగ్గరికి వెళ్ళింది. శ్మశానం ఉన్న గుట్ట జారలేదు. పండు పెట్టబోయి ఆగింది. పండుగ వచ్చేసింది కాబట్టి తను తినొచ్చు. కొరికింది. నాలుక ముడుచుకుపోయింది. చేదు, వగరు, గొంతు దాకా. అడివి యాపిలది. కొండ మీద పందులకు కూడా వెయ్యరు.

సమాధి మీద పెట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ కాయ జేబులో వేసుకుని తిరిగొచ్చి, షెడ్డులోంచి గొడ్డలి తీసింది. ఒక్క దెబ్బ వేసింది. చెట్టు మొదలు మీద తెల్లటి గాటు పడింది. రెండో దెబ్బకు చెయ్యి లేవలేదు.

కంచె అవతలనుంచి పెర్సా చూస్తోంది. "కొట్టకు. అది చేసిన తప్పేముంది, నువ్వు పెంచావు పెరిగింది," అంది. కంచె మీదికి వంగి, "మీ పాత చెట్టు అంటు ఆ కొండ మీద ఇంకెవరింట్లోనూ లేదా?" అని అడిగింది.

"లేదు," అంది కోసార.

ఉంది. ఆ సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసు. బంగాళదుంపలు పాతినప్పుడూ తెలుసు, సంతలో మొక్క కొన్నప్పుడూ తెలుసు. నెవెన పోవడానికి ముందు ఏడు, అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు, విటోమీర్ ఆ చెట్టు పుల్ల కోసుకెళ్ళి పై గట్టు మీద తన పెరట్లో అంటుకట్టుకున్నాడు. ఆ గట్టు జారలేదు.

అక్టోబరులో విటోమీర్‌కు పక్షవాతం వచ్చిందని కబురు తెలిసింది. కుడిచెయ్యి పడిపోయిందట. మనిషి ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాడట కానీ ఎన్నాళ్ళో చెప్పలేమన్నారట. కోసార ఆ మాట విని పొయ్యి దగ్గర కూర్చుంది. అతను పోతే ఆ పెరడు అమ్ముతారు. కొన్నవాడు పాత చెట్టు ఉంచుతాడా? చలికాలమంతా ఆమె ఆ ఒక్క ప్రశ్న నములుతూ గడిపింది. ఫిబ్రవరి చివర, మంచు మెత్తబడ్డాక, నల్ల తలగుడ్డ కట్టుకుని పై గట్టుకు బయలుదేరింది. చేతిలో ఏమీ పట్టుకెళ్ళలేదు. ఏం పట్టుకెళ్ళాలో తెలియలేదు.

గేటు తీసింది విటోమీర్ భార్య రూజిత్స. ఒక్క క్షణం తేరిపార చూసింది.

"దారి గుర్తుందా అక్కా? నేను చచ్చాకే వస్తావనుకున్నా."

"విటోమీర్ ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడు? కాలొకటీ చెయ్యొకటీ ఇంట్లో ఉండమన్నాయి," అంటూనే పక్కకు జరిగింది. "రా. బూట్లు విప్పక్కర్లేదు. రా."

విటోమీర్ పొయ్యి పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో మరిచిపోయిన వస్తువులా పడుంది. కోసారను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

"వదినా," అన్నాడు. ఎడంచేత్తో కుర్చీ చూపించాడు.

కోసార కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడే మొదలుపెట్టింది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"పేతురుపండు అంటుపుల్ల కావాలి. నీ దగ్గరుందిగా."

విటోమీర్ భార్య వంక చూశాడు. రూజిత్స కాఫీ గిన్నె పొయ్యిమీద పెడుతూ వెనక్కి తిరగకుండా అంది. "చెప్పు. నోరు బాగానే ఉందిగా."

"ఆ చెట్టు తల మార్చేశాను వదినా. చాలా ఏళ్ళయింది. అప్పుడు సొసైటీవాళ్ళు పెద్దకాయే కొనేవాళ్ళు. పైనంతా కోసి పెద్దకాయ రకం అంటుకట్టాను."

కోసార ఒక అడుగు లోపలికి వేసింది. "అంతా?"

"ఒక్క కొమ్మ తప్ప."

చెట్టు తల మార్చేటప్పుడు, కొత్త అంట్లు నిలదొక్కుకునే దాకా వేళ్ళనుంచి రసం లాగడానికి పాత కొమ్మ ఒకటి వదిలేస్తారు. రెండేళ్ళు పోయాక దాన్నీ కోసేస్తారు. అది విటోమీర్ కొయ్యలేదు.

"ఎందుకు కొయ్యలేదో అడుగు," అంది రూజిత్స. "ఊళ్ళో పేరుమోసిన అంటుకట్టేవాడు, తన పెరట్లో చెట్టు మాత్రం సగం క్షవరంతో వదిలేశాడని అందరూ నవ్వారు. ఆ కొమ్మ కాయలు కూడా పండుగ ముందు ముట్టడు. ఆడవాళ్ళ నోము పట్టాడని సారాదుకాణంలో పేరు పెట్టారు. ముప్ఫై అయిదేళ్ళు. నేను ఎవరికి చెప్పుకోను?"

"నువ్వూరుకో," అన్నాడు విటోమీర్.

"ఊరుకునే ఉన్నాగా ఇన్నాళ్ళూ."

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. విటోమీర్ కర్ర పట్టుకుని, మంచులో కాలీడ్చుకుంటూ నడిచాడు. చెట్టు దగ్గరకొచ్చి కోసార పైకి చూసింది. జనవరిలో పడ్డ తడిమంచు బరువుకు ఆ పాత కొమ్మ మొదట్లో చీలిపోయి, వేలెడంత బెరడు పట్టుకుని వేలాడుతోంది. దానిమీద పాచి, ఎండుపుల్లలు.

"నిరుడు పెరిగిన రెమ్మ కావాలి. నున్నగా ఉంటుంది, గోధుమరంగు," అన్నాడు విటోమీర్. "చూడు, ఎన్నున్నాయో."

కోసార నిచ్చెనెక్కింది. అరవై మూడేళ్ళ మోకాళ్ళు మెట్టుకోసారి కూతపెట్టాయి. కొమ్మంతా తడిమింది. పుల్లలు చిటుక్కున విరిగిపోతున్నాయి. చివర, వేలాడుతున్న వైపు, ఒక్క నున్నటి రెమ్మ దొరికింది. పెన్సిలంత.

"ఒకటే ఉంది."

"గోటితో గీరు. లోపల ఏ రంగు?"

గీరింది. "పచ్చగానే ఉంది."

"కోసెయ్యి. మొగ్గకళ్ళెన్ని?"

"అయిదు."

"పై రెండూ వదిలెయ్. మూడున్నాయి."

"మూడు అంట్లు వస్తాయా?"

"ఒకటే అంటు. మూడు కళ్ళూ దాంట్లోనే. విడగొడితే మూడూ పోతాయి."

"అదీ పట్టకపోతే?"

విటోమీర్ కర్ర రూజిత్స చేతికిచ్చాడు. నిచ్చెన ఎడంచేత్తో పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డాడు.

కాఫీ తాగుతూ కోసార తన పెరట్లో చెట్టు సంగతి చెప్పింది. ముళ్ళు, గోలీకాయలు, గొడ్డలి గాటు. విటోమీర్ విని, "కింది మొలక పెంచావన్నమాట," అన్నాడు. "నరకలేదు కదా? ఉంచు. మణికట్టు లావుంటుందా? మంచిది. వేళ్ళు నేలలో కుదురుకున్నాయి, దానిమీద కడితే తొందరగా కాస్తుంది. పుల్ల నేలమాళిగలో తడి ఇసకలో పెట్టు. మార్చిలో నలభైమంది పునీతుల పండుగకి నేనొస్తా." తరవాత, ఎటో చూస్తూ, "కొండ జారిన ఏడు జూలైలో నువ్వు రెమ్మలు కోశావట. ఎవరో చెప్పారు. జూలైలో కూడా ఒక్కో కన్ను తీసి కన్నంటు కట్టొచ్చు వదినా. పదకొండూ కట్టేవాణ్ణి. ఒక్కమాట పిలిస్తే పరుగెత్తుకొచ్చేవాణ్ణి. అప్పుడు చెయ్యి బాగానే ఉంది," అన్నాడు.

కోసార చేతిలో కప్పు కిందపెట్టింది. కింది దాకా దిగే దారంతా పుల్లను కోటు లోపల గుండెకు ఆనించుకుని నడిచింది. ఒంటి వేడికి కన్ను ముందే మేలుకుంటుందేమోనని సగం దారిలో తీసి చేత్తో పట్టుకుంది. చేతికి చలేస్తే మళ్ళీ తలగుడ్డ కొసలో చుట్టింది. మూడు వారాలు రోజూ నేలమాళిగ తలుపు తీసి ఇసకలో వేలుపెట్టి చూసింది. పక్కవాళ్ళ పిల్లి ఇసక తవ్విందేమోనని ఒకరోజు పిచ్చిదానిలా పరుగెత్తింది.

పునీతుల పండుగరోజు రూజిత్స పాత ఎర్రకారులో మొగుణ్ణి దింపింది. తేనె రాసిన చిన్న రొట్టెలు తెచ్చింది, ఆ రోజున అందరూ చేస్తారు. విటోమీర్ కుర్చీ వేయించుకుని చెట్టు పక్కన కూర్చున్నాడు. గొడ్డలి గాటు చూశాడు, ఏమీ అనలేదు.

"ఇక్కడ, మోకాలెత్తున, రంపం పెట్టి కోసెయ్."

నాలుగేళ్ళ చెట్టు. పొడుగ్గా, మొగ్గల మీద ఉంది. కోసార రంపం పెట్టి కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరిచి కొయ్ వదినా. వంకర పోతుంది."

చెట్టు పడిపోయింది. కోసార మోడు మీద కత్తిపెట్టి సుత్తితో కొట్టి, కట్టెపేడు చీల్చినట్టు నిలువునా చీల్చింది, సన్నని కొయ్యమేకు పెట్టి ఆ చీలికను తెరిచి ఉంచింది. ఇప్పుడు పుల్ల. దాని మొదలు రెండు వైపులా మేకులా చెక్కాలి. ఒక్కో వైపు ఒక్కటే కోత, మధ్యలో ఆగకూడదు. విటోమీర్ తన అంటుకత్తి జేబులోంచి తీసి ఇచ్చాడు. పిడి అరిగి అతని గుప్పిట ఆకారంలో ఉంది. ఒళ్ళో చెక్కముక్క పెట్టుకుని, దానిమీద పుల్ల ఆనించి, ఎడం బొటనవేలితో అదిమిపట్టాడు.

"లాగు."

కోసార కత్తి పట్టుకుంది. కత్తి అతని వేలు పక్కనుంచే పోవాలి.

"నీ వేలు తెగుతుంది."

"తెగితే తెగింది. పుల్ల పాడుకాకూడదు. లాగు."

కోసార లాగలేదు. చుట్టుపక్కల ఎవరూ లేనట్టు చిన్న గొంతుతో అడిగింది. "ఆ రోజు అది ఏమన్నా అందా?"

రూజిత్స కారు దగ్గర రొట్టెల గుడ్డ విప్పుతున్నది ఆగిపోయింది.

విటోమీర్ తలెత్తలేదు. "ఇంజను ఆన్‌లో ఉంది వదినా. నాకేమీ వినబడలేదు."

ముప్ఫై అయిదేళ్ళుగా ఆమె ఎన్నో జవాబులు ఊహించుకుంది. అమ్మా అందని, అరిచిందని, నవ్విందని. ఇది ఊహించలేదు. ఇంక దీని తరవాత అడగడానికేమీ లేదు. పుల్ల మీద అతని బొటనవేలి గోరు తెల్లబడి ఉంది. కోసార ఊపిరి బిగబట్టి లాగింది. ఒక్క కోత. పుల్ల తిప్పాడు. రెండోది. కత్తి వేలి చివర తగిలి రక్తం బొట్టు కట్టింది. విటోమీర్ పుల్ల వదల్లేదు.

"ఇప్పుడు చీలికలో దించు. మధ్యలో కాదు, ఓరగా. బెరడు కింద సన్నగా పచ్చగీత కనబడుతోందా? పుల్ల గీతా, మోడు గీతా ఒకదానికొకటి ఆనాలి. పైబెరడు కలిసిందా లేదా చూడకు. ఆ గీత చూడు."

దించింది. కొయ్యమేకు తీస్తే మోడు పుల్లను పట్టుకుంది. గుడ్డపేలికతో చుట్టి, తేనెమైనం, దేవదారు బంక కలిపి కాచినది కంత లేకుండా పూసింది. అంతా పావుగంట పట్టిందేమో. మోడు మీద మూడు కళ్ళ పుల్ల ఒకటి, సమాధి మీద ఆరిపోయిన కొవ్వొత్తిలా.

"ఇంక నీ పని," అన్నాడు విటోమీర్. "కిందనుంచి అడివి మొలకలు వస్తాయి. చాలా వస్తాయి. పైదానికంటే ముందే వస్తాయి. ఒక్కటి కూడా ఉంచకు. రోజూ పొద్దున్నే బొటనవేలితో నులిమెయ్యి. జాలిపడ్డావో, మళ్ళీ ఇదే కథ."

వచ్చాయి. ఏప్రిల్ రెండోవారంలో మోడు చుట్టూ పచ్చగా, కొవ్వుపట్టి, పెదవుల్లా విచ్చుకుంటూ వచ్చాయి. పై పుల్లలో మాత్రం ఏ కదలికా లేదు. కోసార రోజూ పొద్దున్నే వంగి ఒక్కోదాన్ని నులిమింది. బతికినవాటిని చంపుతూ, చచ్చిందో బతికిందో తెలియనిదాని కోసం కాచుకుంది. పైది చచ్చిపోయుంటే, ఇలా నులుముతూపోతే వేళ్ళు కూడా చస్తాయి. అప్పుడు అడివి చెట్టు కూడా ఉండదు. ఈ ఆలోచన వచ్చిన రోజున ఒక మొలకను ఉంచేద్దామనుకుంది, ఒక్కటే, పక్కగా. మర్నాడు చూస్తే అది రెండంగుళాలు పెరిగింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని దాన్నీ నులిమింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక విటోమీర్ ఫోను చేసేవాడు. ఇద్దరూ ఇంకేమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

"పైకన్ను?"

"నల్లబడింది."

"మధ్యది?"

"ఉబ్బింది."

ఏప్రిల్ చివర మంచు కురిసింది. మధ్యది కూడా పోయింది. కోసార మంచంమీది పాత కోటు, దుప్పటి, చివరికి పెర్సా ఇచ్చిన ఊలు టోపీ తెచ్చి ఆ పుల్లకు తొడిగింది. "మా ఆయన టోపీ అది. దానికింద ఇంతవరకూ ఏదీ మొలవలేదు," అంది పెర్సా. ఆ ఒక్కసారీ కోసార నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

మే మొదటివారంలో కిందికన్ను విచ్చుకుంది.

పేతురు పండుగ నాటికి అది జానెడు రెమ్మ. పెర్సా సంతనుంచి కొత్త పళ్ళు తెచ్చింది, ఎర్రగీతల బుగ్గలవే, నిజమైన పేతురుపళ్ళే. "వీధిపిల్లలకైనా పంచు," అంది. కోసార పంచింది. పిల్లలు నోళ్ళు తుడుచుకుంటూ పోయారు. బుట్టలో ఒకటి మిగిలితే పెర్సాకే ఇచ్చేసింది.

తరవాత ఉత్తచేతులతో కొండెక్కింది. సమాధి మీద గడ్డి పీకింది. కొవ్వొత్తి వెలిగించింది, గాలికి ఆరింది, మళ్ళీ వెలిగించింది. ఏం చెప్పాలో ఆమెకు దారంతా తెలుసు. రాయి మీద కారిన మైనం గోటితో గీరింది. ముప్ఫై అయిదేళ్ళ కిందట చెప్పిన మాటే మళ్ళీ చెప్పాలి. ఆ మాట ఇంక జన్మలో ఎవరితోనూ అనకూడదనుకుంది.

"ఇవాళ కాదమ్మా," అంది. "ఇంకా కొన్నాళ్ళు ఆగు."

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. తలగుడ్డ విప్పకుండానే పెరట్లోకెళ్ళి కూర్చుంది. మోడు కింద, పొద్దున లేనిది, బియ్యపుగింజంత మొలక ఒకటి తొంగిచూస్తోంది. నులిమింది. బొటనవేలికి పచ్చరంగు అంటింది. రెమ్మ మీద ఆకులు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ఫోను మోగింది.

"ఎన్ని?" అన్నాడు విటోమీర్.

"నిన్న తొమ్మిది. ఇవాళ ఎనిమిది. నత్త తినేసింది."

"కొసమొగ్గ?"

కోసార వంగి చూసింది. "ఉంది."

"చుట్టూ బూడిద పొయ్యి." తరవాత అడిగాడు. "ఇవాళ పండు తిన్నావా వదినా?"

"లేదు. నువ్వు?"

"లేదు."

కోసార ఫోను చెవికి ఆనించుకునే లేచి, పొయ్యి బూడిద కోసం లోపలికి నడిచింది.